వృత్తమునకు పూచీ

ఎవరి స్మృతికి ఈ సాయంకాలము అంకితమైనదో ఆ పెద్దమనిషి తన పేరు వేదికలపై వినబడుట ఎన్నడును కోరినవారు కారు. ఈ దేవనకొండ చుట్టుపట్ల పల్లెలన్నియు ఆయనను లెక్కల అయివారనియే ఎరుగును గనుక నేనును అట్లే వ్యవహరించెదను. జవాబు సరిపోయినది గదా యని పలక చూపిన పిల్లవానిని మెచ్చుకొనుటకు ముందు, దేనిని ఒప్పుకొని ఆ జవాబు తెచ్చితివని అడుగుట ఆయనకు పరిపాటి. ఆ ప్రశ్ననే ఆధారముగా గొని, యంత్రశాస్త్రములో మిక్కిలి ప్రయోజనకరమై, మిక్కిలి సులభముగా కనబడుచు, ఆ సులభత్వము చేతనే మిక్కిలి ఏమరుపాటునకు లోనగు ఒక ఊహను నేడు మీ ముందు విచారింపదలచితిని. దాని పేరు అక్షసౌష్ఠవము.

ఒక వస్తువును దాని నడిమి అక్షము చుట్టును ఎంత త్రిప్పినను రూపము మారదేని దానికి అక్షసౌష్ఠవము కలదందుము. కుమ్మరి సారెపై లేచిన కుండ, బావి వొర, నీళ్ల ట్యాంకు, ఆవిరి బాయిలరు, తుపాకి గొట్టము, రాకెట్టు మోటారు ఈ జాతివి. ఇట్టి వస్తువుపై పడు బరువు, పీడనము, వేడిమి సైతము అక్షము చుట్టును సమానముగా నున్నయెడల, దాని లోపలి ప్రతిబలములను గణించుటకు మొత్తము ఘనమును లెక్కలోనికి తేనక్కరలేదు. అక్షము నుండి వెలుపలి అంచు వరకు ఒక్క నిలువుకోత కోసి, ఆ కోతముఖమును మాత్రము పరిశీలించిన చాలును. మూడు దిక్కుల సమస్య రెండు దిక్కులకు తగ్గును. బిందువు కదలవలెనన్న అక్షము నుండి దూరముగనో దగ్గరగనో జరుగవలెను, లేదా నిలువున పైకో క్రిందికో జరుగవలెను. ప్రక్కకు తిరుగుటకు దానికి కారణము లేదు. అయినను మూడవ దిక్కు పూర్తిగా మాసిపోదు. బిందువు వెలుపలికి జరిగినప్పుడు అది నిలిచిన వలయము పెద్దదగును, ఆ వలయము సాగును. సాగుటకు కొలత ఏమనగా, జరిగిన దూరమును వ్యాసార్ధముచే భాగించిన ఫలము. ఆ సాగుటచే పుట్టు ప్రతిబలమును వలయ ప్రతిబలమందుము. కోతముఖముపై గీతగా గూడ కనబడని యీ బలమే పీడనపాత్రలలో తరచు అన్నిటికంటె పెద్దది.

ఇంతవరకు పాఠ్యగ్రంథములు చెప్పును. నేను మనవి చేయదలచినది దీనిపై నున్నది. ఒక్క కోత గీచి లెక్క వేయువాడు పని తగ్గించుకొనుచున్నాననుకొనును. నిజమునకు ఆ క్షణమున ఆతడు లోకము ఎదుట ఒక ప్రమాణము చేయుచున్నాడు. నేను గీచిన కోతకును, నేను గీయని అసంఖ్యాకములగు కోతలకును భేదమేమియు లేదని ఆతని సాక్ష్యము. ఆ సాక్ష్యమును నిజము చేయువారు కాగితము ముందు కూర్చుండువారు కారు: ఉలి పట్టినవారు, లేతు త్రిప్పినవారు, నూలుత్రాడుతో వ్యాసము కొలిచినవారు. గణితము ఉచితముగా ఒప్పుకొనిన వృత్తమునకు వెల చెల్లించువారు వేరుగా నున్నారు. ఈ ఋణసంబంధమును మూడు శతాబ్దముల చరిత్రలో చూపుటయే నా ప్రయత్నము.

విజయనగరానంతరము మన ఆదోని, అనగా నాటి ఆదవాని, చాలకాలము బిజాపురపు ఆదిలుషాహీల ఏలుబడిలో నుండెను. ఆ బిజాపురములో, 1656లో మృతి నొందిన ముహమ్మద్ ఆదిల్ షా సమాధిపై గోల్ గుంబజ్ నిలిచియున్నది. దాని గుమ్మటపు బాహ్యవ్యాసము సుమారు 44 మీటర్లు. క్రింది మందిరము చతురస్రము, పైది వృత్తము. నాలుగు గోడలపై వృత్తమును నిలుపుట ఎట్లను ప్రశ్నకు ఆనాటి శిల్పులు ఒకదానినొకటి ఖండించుకొను కమానులను లేపి సమాధానము చెప్పిరి. ఆ కమానుల కూడికలపై వలయము ఏర్పడినది, వలయముపై గుమ్మటము కూర్చున్నది. గుమ్మటము పైభాగమున ప్రతి వలయమును తన బరువు చేతనే బిగియును. రాళ్లు ఒకదానినొకటి నొక్కుకొనును. అర్ధగోళాకారమగు పలుచని గుమ్మటమైనచో శిఖరము నుండి సుమారు 52 డిగ్రీలు దిగిన పిమ్మట ఆ బిగింపు తిరుగబడి లాగుడుగా మారును. రాతికట్టడమునకు లాగుడు సహించు శక్తి లేదు. అందుచేత గుమ్మటములు పాదముల వద్ద నిలువున పగులును. గోల్ గుంబజ్ కర్తలు అడుగున గోడను మిక్కిలి మందము చేసి, కమానుల బరువును లోపలివైపునకు నెట్టి, ఆ లాగుడును ఎదుర్కొనిరి. వారు సూత్రము వ్రాయలేదు. కాని వలయమునకు ఆధారము నాలుగు గోడలుగా నుండగూడదని, వలయముగానే యుండవలెనని ఎరిగియుండిరి. అక్షసౌష్ఠవమునకు ఆధారమును అక్షసౌష్ఠవము గలదై యుండవలెనను నియమమిది.

దాదాపు ఒక శతాబ్దము గడచిన తర్వాత రోములో సెయింట్ పీటరు గుమ్మటపు నిలువు పగుళ్లు ఆందోళన కలిగించెను. పోపు పదునాలుగవ బెనెడిక్టు 1742లో ముగ్గురు గణితవేత్తలను నియమించెను, తర్వాత పాదువా నగరపు ఆచార్యుడు జొవాన్ని పొలేని అభిప్రాయము కోరెను. పొలేని చేసిన పని నేటి మన విషయమునకు మూలము వంటిది. ఆయన గుమ్మటమును పనసతొనల వలె యాభై చీలికలుగా ఊహించి, ఒక్క చీలికను మాత్రము గ్రహించి, అందలి భాగముల బరువులకు అనుగుణముగా గుండ్లు కట్టిన దారమును వ్రేలాడదీసి, ఆ దారము తీసిన వంపును తలక్రిందులు చేసి చూచెను; వంపు రాతి మందములోపలనే నిలిచినది. తొన నిలిచినచో గుమ్మటము నిలుచునని నిర్ణయించి, పగుళ్లు అంతటితో ప్రాణాంతకములు కావని చెప్పి, అడుగున ఇనుప వలయములు బిగింపవలెనని సలహా ఇచ్చెను. వలయములు బిగించిరి. 1748లో ఆయన గ్రంథము వెలువడెను. ఒక విశేషము గమనింపుడు: గుమ్మటము పగిలియుండెను గనుక, అనగా చీలికలు ఒకదానికొకటి సాయపడుట మానెను గనుక, ఒక్క చీలికను విడిగా తీసికొనుట న్యాయమైనది. పొలేని ఒప్పుకొనినది ఆయన కన్నులతో చూచిన పగులు.

ఈ ఆలోచన గణితరూపము దాల్చుటకు ఇంకొక శతాబ్దము పట్టినది. ఫ్రెంచివారైన గాబ్రియేల్ లామే, బెన్వా క్లాపెయ్రోను అను ఇరువురు ఇంజనీర్లు రష్యా కొలువులో సెయింట్ పీటర్సుబర్గునందు ఉపాధ్యాయులుగా నుండిన కాలమున ఘనపదార్థముల అంతస్సమతౌల్యమును గూర్చి రచించిన ప్రబంధము 1833లో అచ్చుపడెను. లామే 1852లో స్థితిస్థాపకతా సిద్ధాంతముపై తన ఉపన్యాసములను గ్రంథముగా వెలువరించెను. మందమైన గోడలుగల గొట్టములో పీడనము పెట్టినప్పుడు లోపలి పొర యెంత లాగబడును, వెలుపలి పొర యెంత లాగబడును అను ప్రశ్నకు వారిచ్చిన సమాధానము నేటికిని మార్పు లేకుండ వాడుకలో నున్నది. ఆ ప్రశ్న పుట్టు యంత్రములలో జలపీడన ప్రెస్సు ముఖ్యమైనది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో దానికి పేటెంటు పొందెను.

ఆ ప్రెస్సు ఆదోనివారికి పరిచయము చేయనక్కరలేదు. జిన్నింగు మిల్లులో గింజ విడిన దూది మబ్బు వలె తేలుచుండును. ప్రెస్సు పెట్టెలో పడి, క్రింది నుండి రాము లేచి నొక్కగా సుమారు 170 కిలోల బేలుగా గట్టిపడి, కట్లు బిగించుకొని వెలుపలికి వచ్చును. దూదిని చూచువారికి ఆ గట్టిదనము కనబడును; సిలిండరు గోడలోని గట్టిదనము ఎవరికిని కనబడదు. దానిని ఒక్కమారు సమీపమునుండి చూతము. లోపలి వ్యాసార్ధము 10 సెంటీమీటర్లు, వెలుపలి వ్యాసార్ధము 20 సెంటీమీటర్లు, నూనె పీడనము చదరపు సెంటీమీటరునకు 200 కిలోలు అనుకొందము. లామే సూత్రమున లోపలి పొరలో వలయ ప్రతిబలము 333 కిలోలు, వెలుపలి పొరలో 133 మాత్రమే. గోడ బలహీనముగా నున్నదని భయపడి వెలుపలి వ్యాసార్ధమును 30 సెంటీమీటర్లు చేసితిమేని, ఇనుము రెండు రెట్లకు మించి పట్టును. లోపలి ప్రతిబలము మాత్రము 250కి దిగి యాగును. గోడను కొండంత చేసినను అది 200కు లోపు దిగదు. అనగా లోపలి పొర పీడనమునకు సమానమైన లాగుడును ఎప్పుడును మోయవలసినదే. మందము పెంచుటలో మేలునకు హద్దు కలదని చెప్పు ఈ వాక్యము ఒక్క కోత నుండి వచ్చినది. త్రిమితీయ గణన ఎంత విస్తారముగా చేసినను ఇంతకంటె స్పష్టముగా చెప్పదు. సౌష్ఠవము పని తగ్గించుటయే గాక చూపును పదునుపెట్టునని నా అభిప్రాయము.

హద్దు తెలిసినది గనుక దానిని దాటు ఉపాయమును ఆ శతాబ్దమువారే కనిపెట్టిరి. 1850ల నాటి ఆర్మ్‌స్ట్రాంగు ఫిరంగులలో లోపలి గొట్టముపై ఎర్రగా కాల్చిన ఇనుప వలయములను తొడిగి చల్లార్చిరి. చల్లారిన వలయము లోపలి గొట్టమును ముందుగానే నొక్కిపట్టును. మందు ప్రేలినప్పుడు పుట్టు లాగుడు మొదట ఆ నొక్కుడును తీర్చుకొని తర్వాతనే లోహమును లాగును. మన పల్లెలలో బండి చక్రమునకు ఇనుప పట్టా ఎక్కించువాడు చేయునదియు ఇదియే: పిడకల మంటలో పట్టా వేడెక్కి వ్యాసము పెరుగును, పూటీలపై కూర్చున్న పిమ్మట నీరు పోయగా ముడుచుకొని కీళ్లన్నిటిని బిగించును. కాని యీ చక్రమునకు ఆకులున్నవి గనుక అక్షసౌష్ఠవము పూర్ణము కాదు. ఆకు ఉన్నచోట ఒక తీరు, ఆకునకు ఆకునకు నడుమ ఒక తీరు. దానికి ఒక్క కోత చాలదు, ఒక ఆకు నుండి మరియొక ఆకు వరకు గల ముక్క కావలెను. ఈ చక్రీయ సౌష్ఠవము అక్షసౌష్ఠవమునకు తమ్ముడు. పోలిక చూచి అన్నగా భ్రమపడినవారు తప్పు లెక్క వేయుదురు.

లామే సూత్రము నేరుగొట్టమునకే. మెడ సన్నగిల్లి, కడుపు ఉబ్బి, అంచునకు పట్టీ గల నిజపాత్రకు సూత్రము లేదు. ఆ లోటును తీర్చినది పరిమిత మూలక పద్ధతి. కూరంటు 1943లో త్రిభుజములతో చేసిన సూచన, టర్నరు, క్లఫ్, మార్టిన్, టాపులు 1956లో విమానపు రెక్కలకై చేసిన రచన, 1960లో క్లఫ్ దానికి పెట్టిన పేరు ప్రసిద్ధములు. 1965లో ఎడ్వర్డు విల్సను అక్షసౌష్ఠవ ఘనములపై వ్రాసిన ప్రబంధము మన కథకు కీలకము. కోతముఖమును చిన్న మూలకములుగా విభజించుము. ప్రతి మూలకమును అక్షము చుట్టు తిరిగిన ఉంగరమని భావించుము. ఉంగరము ఘనపరిమాణము వ్యాసార్ధముతో పెరుగునని మరువకుము. ఈ మూడు సూచనలలో పద్ధతి ముగిసినది.

దీని లాభము ఎంతటిదో స్థూలముగా గణింతము. కోతముఖముపై అడ్డముగా 20, నిలువుగా 100 చొప్పున, మూలకములు కలియు కణుపులు 2,000 ఉన్నవనుకొందము. ఒక్కొక్క కణుపునకు రెండు అజ్ఞాతములు, మొత్తము 4,000. ఒక్కొక్క సమీకరణములో కలిసివచ్చు అజ్ఞాతముల వ్యాప్తి, అనగా పట్టీ వెడల్పు, సుమారు 40. సాధనకు కావలసిన గుణకారములు సుమారు 64 లక్షలు. అదే పాత్రను చుట్టును 100 కోతలుగా త్రిమితీయముగా లెక్కించినచో అజ్ఞాతములు 6 లక్షలు, పట్టీ వెడల్పు సుమారు 6,000. గుణకారములు 21 లక్షల కోట్లకు పైబడును. ముప్పది లక్షల రెట్లకు మించిన భేదమిది. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి వచ్చిన ఐ.బి.ఎం. 1620, 1964లో బొంబాయి టాటా పరిశోధన సంస్థలో నెలకొన్న సి.డి.సి. 3600, 1967లో స్థాపితమైన హైదరాబాదు ఈ.సి.ఐ.ఎల్.లో మోగల్లువారైన అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున తయారైన టి.డి.సి. యంత్రములు: ఆనాటి దేశపు గణనశక్తి ఇది. అట్టి కాలమున ఒక్క కోత అను ఊహ లేకున్నచో కొన్ని లెక్కలు ఆలస్యమగుట గాదు, అసలే జరిగియుండవు.

ఎట్టి లెక్కలో చూచుటకు మనము తూర్పు తీరమునకు పోవలెను. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ, నాడు నెల్లూరు జిల్లాలోను నేడు తిరుపతి జిల్లాలోను గల శ్రీహరికోట నుండి 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.–3 రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టినది. ఆ వాహనపు నాలుగు అంతస్తులును ఘన ఇంధనముతో నడచినవే. తరువాతి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి అంతస్తు వ్యాసము 2.8 మీటర్లు, అందలి ఇంధనము సుమారు 138 టన్నులు. 2014 డిసెంబరు 18న మొదట ఎగిరిన ఎస్.–200 అను ఘన ఇంధన మోటారు వ్యాసము 3.2 మీటర్లు, ఇంధనము 200 టన్నులకు పైన. ఘన ఇంధనమనగా రబ్బరు వంటి పదార్థము. ద్రవముగా పోసి, వేడిలో గట్టిపరచి, చల్లార్చుదురు. చల్లారునప్పుడు అది కుంచించుకొనజూచును. ఉక్కు కవచము దానిని అంటుకొని వెలుపలికి పట్టియుంచును. అంటుకొనిన చోట లాగుడు, నడిమి రంధ్రపు గోడపై సాగుడు. అంటు ఊడెనా, రంధ్రము పగిలెనా, మంటకు లెక్కకురాని కొత్త ముఖము దొరకును, పీడనము కవచము ఓపలేనంతగా పెరుగును. పైగా ఈ పదార్థము రూపము మార్చుకొనును గాని పరిమాణమును ఇంచుమించుగా మార్చుకొనదు. సామాన్య మూలకములు దీనిని ఉన్నదానికంటె బిర్రుగా చూపి మోసగించును. ఆ చిక్కును తొలగించు సూత్రీకరణమును హెర్మన్ 1965లోనే ప్రకటించెను. తిరువనంతపురములోని విక్రం సారాభాయి అంతరిక్ష కేంద్రమువారు ఫీస్ట్ అను పేర నిర్మాణ విశ్లేషణకు తమ సొంత సాఫ్ట్‌వేరును రూపొందించుకొనిరి.

ఇక్కడ ఒక సూక్ష్మము. ఎస్.–200 మోటారు మూడు ఖండములు. నడిమిది, నాజిలువైపుది గుండ్రని రంధ్రము గలవి. వానికి ఒక్క కోత చెల్లును. తలవైపు ఖండములో రంధ్రము నక్షత్రాకారము, దానికి చెల్లదు. నక్షత్రపు కొనలెన్నియో అందుకు రెట్టింపు భాగములలో ఒకటి తీసికొని త్రిమితీయముగానే చూడవలెను. లోయల మూలలలో ప్రతిబలము గుమికూడును. గుండ్రని ఖండమును సైతము నిలువుగా నిలిపినప్పుడు గురుత్వము అక్షము వెంట నుండును, కోత చెల్లును. అడ్డముగా పరుండబెట్టిన తక్షణమే గురుత్వము ప్రక్కనుండి లాగును, వస్తువు మారకయే సౌష్ఠవము పోవును. అప్పుడు గణితవేత్త ఫూరియే పద్ధతి మనకు తోడగును. చుట్టును మారు ఏ బరువునైనను కోణపు కొసైను, సైను పదముల మొత్తముగా విడదీయవచ్చును. ఒక్కొక్క పదమునకు అదే కోతముఖముపై ఒక్కొక్క లెక్క వేసి ఫలితములను కలుపవచ్చును. పరుండిన మోటారుపై గురుత్వమునకు కావలసినది మొదటి పదము ఒక్కటే. విల్సను ప్రబంధములోనే ఈ విస్తరణ కలదు. రూపము గుండ్రనిదై, బరువు కానప్పుడు కోతను పారవేయనక్కరలేదని దీనివలన తేలును. ఎన్ని పదములు కావలెనో నిజాయితీగా లెక్కించుకొనిన చాలును.

ఆ లెక్కింపు లోపించిన చోట ఏమగునో చరిత్ర చూపినది. ఇంగ్లండులోని ఫెర్రీబ్రిడ్జి విద్యుత్కేంద్రములో ఎనిమిది శీతలీకరణ గోపురములు, ఒక్కొక్కటి సుమారు 114 మీటర్ల ఎత్తు, రెండు వరుసలలో నిలిచియుండెను. 1965 నవంబరు 1న గాలివానలో మూడు కూలెను, అవియు వెనుక వరుసలోనివి. గోపురము ఒంటరిగా నిలిచినట్లు భావించి గాలి ఒత్తిడిని గ్రహించిరి. ముందు వరుస సందులనుండి దూసుకువచ్చిన గాలి వెనుకవానిపై చేసిన పంపకము వేరు. గోపురములు గుండ్రముగానే యుండెను. వాటిచుట్టు లోకము గుండ్రముగా లేదు.

1986 జనవరి 28న ఛాలెంజరు అంతరిక్షనౌక నశించిన వృత్తాంతము దీనికి మరియొక ప్రక్క. కుడి బూస్టరు యొక్క క్రింది ఖండముల కూడలిలో వేడి వాయువు వెడలెను. పీడనమునకు కవచము ఉబ్బి, కూడలి పెదవులు కొంచెము విచ్చుకొనుట కోతముఖముపై లెక్కకు అందు విషయమే. చలికి రబ్బరు వలయము బిరుసెక్కి ఆ విచ్చుకొనిన సందును వెంటనే నింపలేకపోయెనని విచారణ సంఘము నిర్ధారించెను. అయినచో చుట్టును ఒకేమారు ఏల వెడలలేదు? కూర్పబడిన ఖండములు పరిపూర్ణ వృత్తములు కావనియు, పొగ కనబడిన దిక్కున లోహపు అంచుల నడుమ సందు మిక్కిలి ఇరుకై రబ్బరు మరింత నొక్కబడియుండవచ్చుననియు అదే సంఘము గుర్తించెను. దాదాపు 3.7 మీటర్ల వ్యాసములో కంటికి కనబడని కొద్దిపాటి కోలదనమది. లెక్క అడిగినది వృత్తమును, కూడలికి చేరినది కోలరూపము.

ఇంతకంటె గూఢమైనది మరొకటి కలదు. 1894లో పియేరు క్యూరీ కారణములలోని సౌష్ఠవము ఫలములలో కనబడవలెనని సూత్రీకరించెను. గుండ్రని పలుచని గొట్టమును పైనుండి సమానముగా నొక్కుడు. కారణము పూర్తిగా సౌష్ఠవము గలది. ఫలమో, ఒక హద్దు దాటగానే గొట్టము వజ్రపు పలకల వంటి సొట్టలు పడి ముడుచుకొనును. సౌష్ఠవము సమూలముగా పోవును. 1941లో వాన్ కార్మాన్, త్సియెన్లు చేసిన పరిశీలనకు పిమ్మట 1945లో తన సిద్ధాంతగ్రంథములో కోయిటరు చూపినదేమన, గోడ మందములో కొద్దిపాటి వంకరయే ఆ హద్దును సగమునకు తక్కువగా దించగలదు. ఒక్క కోతపై చేయు లెక్క ఈ పతనమును ఎన్నటికిని చూడజాలదు. ఏలయన ప్రక్కకు కదలుటను అది ఆదియందే నిషేధించినది. చూడకుమని మనమే చెప్పినదానిని యంత్రము చూపలేదని నిందించుట న్యాయము కాదు.

ఇప్పుడు మన ఊళ్లకు వచ్చెదము. పల్లెలలో నీళ్ల ట్యాంకు గిన్నె గుండ్రము, కప్పు గుండ్రము, నీటి ఒత్తిడి చుట్టును సమానము. వానికి కోత చెల్లును. కాని గిన్నె క్రింది వలయపు దూలము స్తంభములపై నిలిచినది. స్తంభము మీద ఒక విధముగను, స్తంభముల నడుమ మరియొక విధముగను వంగును, మెలిపడును. గిన్నెను కోతతో చూచి, అదే ధీమాతో దూలమును గూడ చూచువారు లేకపోలేదు. గోల్ గుంబజ్ శిల్పులు జాగ్రత్తపడిన చోటనే వీరు ఏమరుదురు.

బావి కథ ఇంకను దగ్గరిది. మట్టి చుట్టును సమానముగా నొక్కినంతకాలము రాతివొర ప్రతి వలయమును నొక్కుడుతోనే నిలుచును. రాయికి నొక్కుడు ఇష్టమైన భారము. చదరపు బావి గోడ లోపలికి ఉబ్బుటయు, గుండ్రని బావి నిలుచుటయు ఇందువలననే. కాని మన నేల చాలవరకు నల్లరేగడి. తడిసిన ప్రక్క పొంగును, ఎండిన ప్రక్క నెరవిచ్చును. ఒక వైపు కాలువయో మోట నీరు పారు బోదెయో ఉన్నదా, ఆ వైపు ఒత్తిడి హెచ్చును, వలయము కోలగా మారజూచును. ఇది ఫూరియే రెండవ పదము. నొక్కుడుతో పాటు వంపు పుట్టును, వంపుతో లాగుడు పుట్టును, కీలు తెరచుకొనును.

సమానపీడనములో సైతము వలయము తానుగా వంకర పోయియుండెనేని చిక్కు తప్పదు. దానికి లెక్క మిక్కిలి చిన్నది. సమాన పీడనపు బలరేఖ శుద్ధవృత్తము. రాతివొర నడిమిగీత ఆ వృత్తము నుండి ఎంత తొలగినదో అంతయే బలము యొక్క అపకేంద్రత. 30 సెంటీమీటర్ల మందపు గోడలో ఆ తొలగుట మందములో ఆరవ వంతు, అనగా 5 సెంటీమీటర్లు దాటిన యెడల ఒక ముఖమున లాగుడు మొదలై సందు విచ్చును. బావి వ్యాసము నాలుగు మీటర్లైనను ఆరు మీటర్లైనను ఈ 5 సెంటీమీటర్లు మారదు. వడ్డెర పనివారు నడుమ గూటము పాతి, దానికి త్రాడు కట్టి, ఒక్కొక్క వరుస పేర్చినప్పుడెల్ల ఆ త్రాడును చుట్టును త్రిప్పి చూచుకొనుట దీనికొరకే. త్రాడు వదులైనచోట రాయిని వెనుకకు తట్టుదురు, బిగిసినచోట ముందుకు లాగుదురు. ఆ త్రాడు లామే సూత్రమునకు పూచీ. నేను చూచిన లెక్కల పుస్తకములలో సూత్రము పెద్ద అక్షరములలో నుండును, త్రాడు ఉండదు.

నేడు ఏ ఇంజనీరింగు కళాశాల విద్యార్థియైనను కంప్యూటరు తెరపై అక్షసౌష్ఠవమను గడిని ఒక్క వ్రేలితో నొక్కి, నిమిషములోపుగా రంగురంగుల చిత్రమును తెప్పించుకొనగలడు. పూర్తి త్రిమితీయ గణనయు ఇప్పుడు అసాధ్యము కాదు. కనుక కోత ఎందుకని అడుగువారున్నారు. నా సమాధానము రెండు విధములు. త్రిమితీయ ఫలమును నమ్ముటకు ముందు దానిని లామే సంఖ్యతో పోల్చి చూచుటకు కోత కావలెను. పైన చెప్పిన సిలిండరులో లోపలి పొరకు 333 రానియెడల తెరపైని చిత్రమునకు ఎన్ని రంగులున్నను విలువ లేదు. రెండవది, ఆ గడిని నొక్కువాడు నివేదిక మొదటి పుటలోనే నాలుగు మాటలు వ్రాయవలెనని నా ప్రార్థన: రూపము ఎంతవరకు గుండ్రము, పదార్థము చుట్టును ఒకటేనా, ఆధారము వలయమా స్తంభములా, బరువు ఏ దిక్కున హెచ్చు. వీనితో పాటు వ్యాసమును ఎన్ని దిక్కుల కొలిచిరి, గరిష్ఠమునకు కనిష్ఠమునకు భేదమెంత, కొలిచినవారెవరు అను వివరములును ఉండవలెను. కొలిచినవాని సంతకము లెక్క వేసినవాని సంతకము ప్రక్కనే యుండుట ఉచితము. ఈ మండలములో బావులు, ట్యాంకులు, ప్రెస్సు సిలిండర్లు కావలసినన్ని యున్నవి. ఇక్కడి విద్యార్థులు నూలుత్రాడును గజకర్రను పట్టుకొని వానిలో కొన్నింటి కోలదనమును కొలిచి పట్టికగా వ్రాసిరేని, వచ్చు సంవత్సరము ఈ వేదికపై ఉపన్యాసమునకు బదులు ఆ పట్టికను చదువవచ్చును.